మైల లెక్కలు – 7: ఆవిరికి కులం లేదు, రిజిస్టర్‌కు ఉంది



పోయిన భాగంలో ఊరి బావుల గురించి రాశాను. ఈసారి ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో ఉండే ఒక స్టీలు డబ్బా గురించి రాస్తున్నాను. దాని పేరు ఆటోక్లేవ్. మీలో చాలామంది మైక్రోబయాలజీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నారు. మీకది ప్రాక్టికల్ పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. మన వాడల ఆడవాళ్లకు ప్రాణం. ఈ రెంటి మధ్య దూరం గురించే నా గొడవంతా.

ఇంగ్లీషులో స్టెరిలైజేషన్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆడమనిషికి ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. మన దగ్గర దానికి పేరు కూడా పెట్టరు, "ఆపరేషన్ అయింది" అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. రెండోది, ఆ ఆపరేషన్‌కు వాడే కత్తి, కత్తెర, గుడ్డల మీద ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలకుండా చంపే పని. మాట ఒకటే. కానీ మన సర్కారుకు మొదటి స్టెరిలైజేషన్ లెక్క మాత్రమే తెలుసు. ఎంతమంది ఆడవాళ్లకు చేశారు, ఏ నెలలో చేశారు, ఎవరు తీసుకొచ్చారు, ఎంత డబ్బు ఇచ్చారు, అన్నీ రాస్తారు. పేరుకు 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. తర్వాత అవే 'సాధించాల్సిన స్థాయి' అనే పేరుతో వెనక గుమ్మంలోంచి వచ్చాయి. రెండో స్టెరిలైజేషన్ లెక్క అడిగి చూడండి. మొహాలు చూసుకుంటారు.

2022 ఆగస్టు 25. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రి. ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు లాపరోస్కోప్‌తో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించి వైద్యం చేశారు. విచారణ జరిగింది. ఇన్ఫెక్షన్ రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు తీసుకోలేదని తేలింది. సెప్టెంబరులో 13 మందిపై చర్యలన్నారు. చనిపోయినవాళ్ల ఇళ్లకు ఐదేసి లక్షలన్నారు, డబుల్ బెడ్‌రూం ఇళ్లన్నారు. ఫైలు మూసుకుంది.

చనిపోయినవాళ్లు రోగులు కారు. ఇది మరిచిపోవద్దు. జబ్బు చేసి ఆసుపత్రికి రాలేదు. పిల్లల్ని ఇంట్లో వదిలి, నడుచుకుంటూ వచ్చిన ఆరోగ్యవంతులు.

మా కుసుమంచికి ఇబ్రహీంపట్నం దూరమే. కానీ ఆ బల్ల మీద పడుకునే ఆడది మా వాడలోనూ ఉంది, అటు భద్రాచలం అడవి అంచున కోయగూడెంలోనూ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చూడండి. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు 37.9 శాతం. మగవాళ్లు 0.3 శాతం. తెలంగాణలో ఆడవాళ్ల శాతం 60 దాటింది, ఆంధ్రలో దాదాపు 70. మగవాళ్ల ఆపరేషన్ తేలిక, కడుపులోకి గొట్టం పోనక్కర్లేదు, ప్రమాదం తక్కువ. అయినా కోత ఆడదానికే. మన తెలుగు నేల మీద ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేయడమంటే ఇంటింటి ఆడమనిషి విషయమని ఈ లెక్క చెబుతోంది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్ను తీయండి.

కోతకు వాడే కత్తి, ఫోర్సెప్స్, గుడ్డలు ఆటోక్లేవ్‌లో ఆవిరి పడతాయి. 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి. విడిగా పెడితే 20 నిమిషాలు, గుడ్డలో చుట్టి పెడితే 30 నిమిషాలు. లాపరోస్కోప్ లోపల అద్దాలుంటాయి, చాలా రకాలు ఆ వేడికి తట్టుకోవు. అందుకని ఒక్కొక్కరికి చేసిన తర్వాత దాన్ని శుభ్రంగా కడిగి, రెండు శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ముంచి, మళ్లీ స్టెరైల్ నీళ్లతో కడగాలి. మూడు లాపరోస్కోప్‌లతో ఒక బృందం రోజుకు 30 మందికి మించి చేయకూడదని కేంద్రమే నిబంధన పెట్టింది. అంటే ఒక్కో దానికి పదిమంది.

34 మందికి ఒక్కటే లాపరోస్కోప్ వాడితే, ముంచే సమయమే 680 నిమిషాలు. పదకొండు గంటల పైమాట. మూడు వాడితే పన్నెండు విడతలు, నాలుగు గంటలు. ఇందులో కడిగే సమయం లేదు, కోసే సమయం లేదు, కుట్టే సమయం లేదు. కాబట్టి ఎక్కడ క్యాంపు జరిగినా అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: గొట్టాలు ఎన్ని, మనుషులు ఎంతమంది, మొదలు పెట్టింది ఎన్నింటికి, ముగించింది ఎన్నింటికి? ఈ నాలుగు అంకెలు చాలు. నిజం అక్కడే బయటపడుతుంది. దీనికి డాక్టరు చదువు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

ఇదే లెక్క ఛత్తీస్‌గఢ్‌కు వేయండి. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ పక్కన సకరీలో మూతబడ్డ ఒక ఆసుపత్రి భవనంలో, ఒకే సర్జన్ ఒకే రోజు 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఒకే లాపరోస్కోప్ వాడారని వార్తలొచ్చాయి. 83ను 20తో గుణించండి. 1660 నిమిషాలు. ఇరవై ఏడు గంటల నలభై నిమిషాలు. రోజుకు 24 గంటలే కదా! ఆ క్యాంపు కొద్ది గంటల్లో ముగిసింది. ఆ క్యాంపు, దాని తర్వాత రెండు రోజులకు జరిగిన మరో క్యాంపు కలిపి 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. ఎక్కువమంది దళిత, ఆదివాసీ, బీసీ పేద ఇళ్ల వాళ్లు. అదే సర్జన్‌కు ఆ ఏడాది జనవరిలోనే రాష్ట్ర ప్రభుత్వం సన్మానం చేసింది. ఎందుకంటే, 50,000 ఆపరేషన్లు చేసినందుకు. మొదటి స్టెరిలైజేషన్ లెక్కకు శాలువా కప్పారు. రెండో స్టెరిలైజేషన్ లెక్క శ్మశానంలో తేలింది.

దానికి రెండేళ్ల ముందు, 2012 జనవరిలో, బీహార్ అరారియా జిల్లాలో ఒక బడిలో రాత్రిపూట 53 మందికి టార్చిలైటు వెలుతురులో ఆపరేషన్లు చేశారు. దాని మీద దేవికా బిశ్వాస్ అనే కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2010 నుంచి 2013 వరకు ఈ ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయారన్న అంకె ఆ తీర్పులో ఉంది. 2016 సెప్టెంబరు 14న కోర్టు చెప్పింది: మూడేళ్లలో ఈ క్యాంపుల పద్ధతి మానేయండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను బలపరచండి. ఆ మూడేళ్ల గడువు 2019 సెప్టెంబరుతో తీరింది. ఇబ్రహీంపట్నం దుర్ఘటన జరిగింది 2022 ఆగస్టులో.

"అది క్యాంపు కాదు, ఆసుపత్రిలోనే చేశారు కదా" అనేవాళ్లున్నారు. గోడలు ఆసుపత్రివి అయినంత మాత్రాన పద్ధతి మారదు. ఒక తేదీ పెట్టి, ఊళ్ల నుంచి ఆడవాళ్లను పోగేసి, వరుసగా పడుకోబెట్టి, సాయంత్రానికి లెక్క తేల్చితే అది క్యాంపే.

ఇక ఆ స్టీలు డబ్బా దగ్గరికి వద్దాం. ఆటోక్లేవ్ పెద్ద మాయ కాదు. మీ అమ్మ వాడే కుక్కర్‌కు అక్క లాంటిది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఆయన మూతబిగించి ఆవిరితో ఉడికించే గిన్నె చేశాడు. 1879లో ఫ్రాన్స్‌లో పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ చాంబర్లాండ్ దాన్ని ప్రయోగశాలకు పనికొచ్చేలా చేశాడు. మామూలుగా మరిగే నీళ్లు వంద డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. కొన్ని బాక్టీరియా గింజల్లాంటి స్పోర్లుగా మారి ఆ వేడిలోనూ బతుకుతాయి. ఒత్తిడి పెంచితే ఆవిరి 121 డిగ్రీలకు పోతుంది. ఆ ఆవిరి చల్లటి కత్తిని తాకి నీరుగా మారేటప్పుడు గ్రాముకు దాదాపు 540 కేలరీల వేడిని దాని మీద కుమ్మరిస్తుంది. చంపేది అదే.

కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే అమ్మ విజిల్ పెట్టదు. సన్నగా ఆవిరి బయటికి తన్నేదాకా ఆగుతుంది, తర్వాత పెడుతుంది. లోపలి గాలి పోవాలి కాబట్టి. ఆటోక్లేవ్ రహస్యమంతా అక్కడే ఉంది. గాలి లోపల చిక్కుకుంటే మీటరు 15 పౌండ్లు చూపిస్తుంది, కానీ అడుగున ఉన్న మూటకు ఆ వేడి చేరదు. డబ్బా కిక్కిరిసేలా కుక్కినా అంతే. పైకి అంతా బాగుంటుంది, లోపల క్రిములు బతికే ఉంటాయి.

ఇది పుస్తకంలో మాట కాదు. 1971 ఏప్రిల్‌లో ఇంగ్లండులో ఒక మందుల కంపెనీ గ్లూకోజు సీసాలను ఆటోక్లేవ్ చేసింది. గాలి సరిగ్గా బయటికి పోలేదు. కింది వరుస సీసాలకు వేడి అందలేదు. థర్మామీటరు ఆ సంగతి చూపించింది. ఒత్తిడి సరిగ్గానే ఉంది కదా, థర్మామీటరే చెడిపోయి ఉంటుందనుకుని వదిలేశారు. మరుసటి ఏడు ప్లిమత్‌లోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో ఆ సీసాలు ఎక్కించిన రోగుల్లో ఐదుగురి మరణాలకు అవి కారణమై ఉంటాయని అనుమానించారు. క్లోథియర్ కమిటీ వేసి, సీసా నుంచి యంత్రం దాకా, యంత్రం నుంచి యాజమాన్యం దాకా తవ్వారు. నిజం చెప్పిన థర్మామీటరును ఎవరూ నమ్మలేదని తేలింది.

మన దగ్గర థర్మామీటరు దాకా ఎందుకు పోతారు? మన సమాజానికి శుద్ధి గురించి వేరే శాస్త్రముంది కదా. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత పెద్దకులాల వాళ్లు ఆ చెరువును శుద్ధి చేశారు. ఎట్లా? ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండల్లో పోసి, మంత్రాలు చదివి. మైక్రోబయాలజీ చదివే చెల్లీ, ఆ చెరువు నీటి శాంపిల్ నీ ముందు పెడితే శుద్ధికి ముందు ఎన్ని కాలనీలు, శుద్ధి తర్వాత ఎన్ని కాలనీలు వస్తాయో నువ్వే చెప్పు.

మడికి పరీక్ష లేదు. మడి కట్టుకున్నవాడు "నేను మడి" అంటే మడి. అడిగితే పాపం. స్టెరైల్ అట్లా కాదు. జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా స్పోర్ల స్ట్రిప్‌ను మూటల మధ్య పెట్టి ఆవిరి పట్టి, తర్వాత 55–60 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఉంచి చూస్తారు. మొలిస్తే డబ్బా పాస్ కాలేదు, అంతే. పెట్టినవాడు ఏ కులమైనా, సూపరింటెండెంట్ ఎవరైనా ఆ స్పోరుకు లెక్కలేదు. ఇంత న్యాయమైన జడ్జి మన దేశంలో ఇంకెక్కడుంది? కానీ మన ఆసుపత్రులు ఆధునిక యంత్రాన్ని కొని మడి పద్ధతిలో నడుపుతున్నాయి. "చేశాం" అంటే చేసినట్టే. అడిగితే, డాక్టర్లను అనుమానిస్తావా అంటారు.

ఆ యంత్రం నడిపేది ఎవరో కూడా చెప్పుకోవాలి. చాలాచోట్ల ఏజెన్సీ కింద, కాంట్రాక్టు కింద పనిచేసే ఎఫ్ఎన్‌ఓలు, ఎంఎన్‌ఓలు, శానిటేషన్ వర్కర్లు. వాళ్లలో మన మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. నెత్తురు గుడ్డలు కడగడం, పరికరాలు తోమడం, డబ్బాలో పెట్టడం, తీయడం. బిడ్డ బొడ్డు కోసిన మంత్రసాని అప్పుడు మైల. ఇప్పుడు ఈ పని 'అన్‌స్కిల్డ్'. పేరు మారింది, అంతే. మా చిన్నమ్మ ఒక ఆసుపత్రిలో థియేటర్ దగ్గర తొమ్మిదేళ్లు చేసింది. ఆమెనడిగితే ఇట్లా చెప్పింది: "మూట మీది టేపుకు నల్లగీతలొస్తే తీయమన్నరు, తీసిన. లోపల ఏమైతదో నాకెవరు చెప్పిన్రు బిడ్డా?"

ఆ టేపు గీతలు మూటకు పైన వేడి తగిలిందని చెబుతాయి. లోపలి కత్తికి 121 డిగ్రీలు పూర్తి సమయం అందిందని చెప్పవు. ఆ తేడా ఆమెకు చెప్పడానికి అరగంట చాలు. తొమ్మిదేళ్లలో ఆ అరగంట ఎవరికీ దొరకలేదు. కానీ రేపేదైనా జరిగితే "కింది సిబ్బంది నిర్లక్ష్యం" అని రాయడానికి అర నిమిషం పట్టదు. పదకొండు గంటలు పట్టే పనిని మూడు గంటల్లో ముగించమన్నది ఎవరు? ఆ తేదీ పెట్టిందెవరు? లాపరోస్కోప్‌లు ఇన్నే కొన్నదెవరు? అరిగిపోయిన గ్యాస్కెట్ మార్చమంటే నెలల తరబడి ఆపిందెవరు? నిర్లక్ష్యం కింది నుంచి మొదలు కాదు, పైనుంచి కారుతుంది.

ఇంకొక విడ్డూరం చూడండి. ఆసుపత్రి చెత్తకు చట్టముంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో చెత్తను ఆవిరి పట్టే ఆటోక్లేవ్ ఎట్లా ఉండాలో అంకెలతో సహా రాశారు. మామూలు రకమైతే 121 డిగ్రీలు, 15 పౌండ్లు, కనీసం 60 నిమిషాలు. ప్రతి విడతకూ రంగు మారే స్ట్రిప్. వారానికోసారి స్పోర్ పరీక్ష. రికార్డు ఉంచాలి. చాలా మంచిది. ఆ చెత్త మోసేది మనవాళ్లే, ఆ సూదులు గుచ్చుకునేది మనవాళ్లకే, కాబట్టి ఆ నిబంధన మనకు కావాలి. కానీ నా ప్రశ్న ఒకటే. చెత్తబుట్టలో పడబోయే ప్లాస్టిక్ గొట్టానికి వారం వారం రుజువు అడిగే రాజ్యం, మా అక్క కడుపులోకి పోబోయే కత్తికి అదే రుజువును ఆసుపత్రి గోడ మీద ఎందుకు అతికించదు?

రిజిస్టర్ నిండితే పని అయినట్టే అనుకునే పద్ధతి ఖమ్మం జిల్లాకు కొత్త కాదు. 2009లో ఇక్కడే, భద్రాచలం, కొత్తగూడెం, మా పక్క మండలం తిరుమలాయపాలెంలో, పాత్ అనే అమెరికన్ సంస్థ ప్రాజెక్టు కింద పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం అనుమతి పత్రాలు తిరగేస్తే, 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. టీకా మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. పిల్ల ఒళ్లు ఎవరిది, సంతకం ఎవరిది అన్నది ఇక్కడి విషయం. కాగితం మాత్రం నిండింది. అందుకే "రికార్డులన్నీ సక్రమంగా ఉన్నాయి" అని ఏ అధికారి చెప్పినా మా జిల్లా వాళ్లం ఒక్కసారి కాగితం తిప్పి చూస్తాం.

ఆపరేషన్ ఫారంలో కులం రాస్తారు. ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖ కింద వాళ్లకు ఇచ్చే డబ్బు వేరు, మిగతావాళ్లకు వేరు కాబట్టి. ఆమె కులం ఫైల్లో భద్రంగా ఉంటుంది. ఆమెను కోసిన కత్తి ఏ రోజు, ఏ విడతలో, ఎన్ని డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిందో ఆ కేస్‌షీట్‌లో ఉంటుందా? ఆవిరికి కులం తెలియదు. రిజిస్టర్‌కు మాత్రం కులమే తెలుసు.

"ఇట్లా రాస్తే జనం సర్కారు ఆసుపత్రికి రావడం మానేస్తారు, ప్రైవేటు వాళ్లు బాగుపడతారు" అని కొందరు మిత్రులే అంటారు. నేను సర్కారు ఆసుపత్రి మనిషిని. మా వాడలో కాన్పులు అక్కడే, కుట్లు అక్కడే. దాన్ని మూసేయమనడం లేదు, అది మనది కాబట్టే అడుగుతున్నాను. ప్రైవేటులో అన్నీ బాగున్నాయని ఎవరు చెప్పారు? అక్కడ అడిగే హక్కు కూడా లేదు. ఇక్కడ ఉంది. నోరు మూసుకుంటే కాపాడబడేది ఆసుపత్రి కాదు, ఆ టార్గెట్.

కాబట్టి విద్యార్థి మిత్రులు, సంఘాల బాధ్యులు ఈ నెలలో ఒక పని పెట్టుకోండి. మీ మండలంలో ఆపరేషన్లు జరిగే ఆసుపత్రి ఏదో చూడండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ చట్టంలో రికార్డులు స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, అది అడగండి. గడిచిన ఆరు నెలల ఆటోక్లేవ్ లాగ్‌బుక్: తేదీ, విడత నంబరు, ఉష్ణోగ్రత, ఒత్తిడి, నిమిషాలు, సంతకం. స్పోర్ పరీక్ష ఫలితాలు. యంత్రం మరమ్మతుల వివరాలు. లాపరోస్కోప్‌లు ఎన్ని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఏ రోజు ఎన్ని, ఏ గంట నుంచి ఏ గంట వరకు. ఆటోక్లేవ్ నడిపే మనిషికి ఇచ్చిన శిక్షణ ఏమిటి.

వచ్చిన అంకెలను గుణించండి. లెక్క కుదరకపోతే ఆ కాగితంతోనే కలెక్టరాఫీసు మెట్లెక్కుదాం. మన డిమాండ్లు నాలుగు. ఒకటి, ప్రతి కేస్‌షీట్‌లో పరికరాల విడత నంబరు రాయాలి. రెండు, వారం వారం స్పోర్ పరీక్ష ఫలితం తెలుగులో ఆసుపత్రి గోడ మీద ఉండాలి. మూడు, ఆటోక్లేవ్ పని నైపుణ్యమున్న పనిగా గుర్తించి, ఇప్పుడు చేస్తున్న ఎఫ్ఎన్‌ఓలకే శిక్షణ ఇచ్చి, వాళ్లనే పర్మినెంట్ చేయాలి. నాలుగు, సుప్రీంకోర్టు మానేయమన్న క్యాంపులు ఏ పేరుతోనూ జరగకూడదు.

ల్యాబ్‌లో చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఇంకో మాట. స్పోర్ స్ట్రిప్ అంటే ఏమిటో, గాలి చిక్కుకుంటే ఏమవుతుందో మీ తాతలకు తెలియనివ్వలేదు. మీకు తెలిసింది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ వాడలో ఆసుపత్రి పని చేసే చిన్నమ్మ ఎవరో ఉంటుంది. ఆమె పక్కన అరగంట కూర్చుని, మూట ఎట్లా కట్టాలో, డబ్బా ఎంతవరకు నింపాలో, గాలి ఎట్లా పోనివ్వాలో చెప్పండి. "లెక్క సరిపోకపోతే తీయను" అని చెప్పే ధైర్యం ఆమెకు రావాలంటే వెనక మనం నిలబడాలి.

దరఖాస్తు నమూనా కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. వచ్చే భాగంలో ఎర్ర సంచుల గురించి, వాటిని మోసే చేతుల గురించి.

జై భీమ్.